కృష్ణబిలాలనుకున్నవి పల్సర్లయ్యాయి: పరాయి గెలాక్సీల్లో ఎక్స్‌రే స్పందనల వేట

చైత్రమాసంలో రాత్రి తొమ్మిదింటికి పర్లాకిమిడిలో గానీ గుణుపురంలో గానీ మేడెక్కి ఉత్తరానికి తిరిగితే సప్తర్షి మండలం బాగా పైకొచ్చి ఉంటుంది. పులస్త్యుడి నుంచి క్రతువు దాకా ఒక గీత ఊహించుకుని, అదే దారిలో మరి అంత దూరం పోతే ఎం82 అనే గెలాక్సీ ఉన్న చోటు తగులుతుంది. దిగంతం నుంచి దాని ఎత్తు 39 డిగ్రీలు. ఉత్త కంటికి ఆనదు. మూడంగుళాల టెలిస్కోపులో సన్నని చారలా కనిపిస్తుంది. అక్కడి వెలుగు మనదాకా రావడానికి సుమారు కోటీ 20 లక్షల ఏళ్ళు పడుతుంది. ఆ గెలాక్సీలో ఎం82 ఎక్స్-2 అని పేరున్న ఎక్స్‌రే చుక్కను 2014 దాకా కృష్ణబిలంగానే లెక్కేశారు. ఆ ఏడాది అక్టోబరులో మాతియో బకెట్టి బృందం ‘నేచర్’ పత్రికలో రాసిన వ్యాసంతో లెక్క మారిపోయింది. అది 1.37 సెకన్లకొకసారి తిరిగే న్యూట్రాన్ తార, అంటే పెద్ద తార పేలాక మిగిలే చిన్న దట్టమైన ముద్ద. అది తిరిగేకొద్దీ దాని వెలుగు మనకు లయగా హెచ్చి తగ్గుతుంది. ఆ లయే స్పందన, అలా స్పందించే తారే పల్సర్.

కృష్ణబిలం అని ఎందుకనుకున్నారంటే, వెలుగును బట్టి. ఒక బరువైన చిన్న వస్తువు మీద పక్కనున్న తార నుంచి వాయువు పడుతుంటే అది కోట్ల డిగ్రీలకు కాగి ఎక్స్‌రేలు చిమ్ముతుంది. చిమ్మే వెలుగు పెరిగేకొద్దీ కొత్తగా పడే వాయువును ఆ వెలుగే వెనక్కి నెడుతుంది. గురుత్వం లాగేదీ వెలుగు నెట్టేదీ సమానమయ్యే చోటికి ఎడింగ్టన్ పరిమితి అని పేరు. సూర్యుడంత బరువున్న వస్తువుకైతే అది సుమారు 33 వేల సూర్యుళ్ళ వెలుగు. బరువు పెరిగితే పరిమితీ అదే నిష్పత్తిలో పెరుగుతుంది. మామూలు న్యూట్రాన్ తార బరువు 1.4 సూర్యులు, అడ్డం పాతిక కిలోమీటర్లలోపు. కాబట్టి దాని హద్దు 46 వేల సూర్యుళ్ళ దగ్గర. ఎం82 ఎక్స్-2 ఉచ్ఛస్థితిలో దీనికి వంద రెట్లు వెలుగుతుంది. వంద రెట్ల వెలుగంటే వంద రెట్ల బరువు, అంత బరువు న్యూట్రాన్ తారకు ఉండదు, కాబట్టి కృష్ణబిలం. తర్కంలో లోపం కనిపించదు. కానీ ఎడింగ్టన్ లెక్కలో వాయువు అన్ని వైపుల నుంచీ సమంగా పడుతుందనీ, వెలుగు కూడా అన్ని వైపులకూ సమంగా పోతుందనీ ఒక ఒప్పుకోలు ఉంది. పల్సర్ దగ్గర ఆ రెండూ చెల్లవు.

గెలాక్సీ నడిబొడ్డున కాకుండా పక్కన ఎక్కడో ఉండి, సుమారు 2 లక్షల 60 వేల సూర్యుళ్ళకు మించి ఎక్స్‌రేలు వెదజల్లే చుక్కల్ని అల్ట్రా ల్యూమినస్ ఎక్స్‌రే మూలాలంటారు, పొట్టిగా యూఎల్ఎక్స్. వీటి జాబితా ఇప్పుడు 1,800 దాటింది. వాటిలో పల్సర్లని తేలినవి పదీ పన్నెండు మాత్రమే. మిగతావన్నీ కృష్ణబిలాలేనని ఎవరైనా ధీమాగా అంటే నమ్మక్కర్లేదు. స్పందన దొరికితే న్యూట్రాన్ తారే. కృష్ణబిలానికి గట్టి ఉపరితలం లేదు, దానికి కట్టుబడి తిరిగే అయస్కాంత ధ్రువాలూ లేవు, కాబట్టి గడియారంలా కొట్టుకునే లయ దానికి రాదు. స్పందన దొరకకపోతే మాత్రం ఏమీ తేలినట్టు కాదు. దొరకకపోవడానికి ఉన్న కారణాలు అలాంటివి.

మొదటి కారణం ఫోటాన్ల, అంటే వెలుగు రేణువుల, కరువు. దూరపు గెలాక్సీ నుంచి వచ్చే ఎక్స్‌రేలు ధారగా రావు, ఒక్కొక్కటిగా రాలతాయి. సెన్సర్ చేసేదల్లా ప్రతి ఫోటాన్‌కూ వచ్చిన సమయం, శక్తి, పడిన చోటు రాసిపెట్టడమే. ఈ సమయాల పట్టీ మీద ఫూరియే గణితం నడిపి ఏ పౌనఃపున్యం దగ్గరైనా బలం పొడుచుకొచ్చిందా అని చూస్తారు. లయ లేని ఉత్త గోలకు ఈ బలం సగటున 2 ఉండేలా కొలమానం పెట్టుకుంటారు. గోలలోనే ఒకచోట యాదృచ్ఛికంగా 40 వచ్చే అవకాశం 50 కోట్లలో ఒకటి. అయితే మనం చూసేది ఒక్క పౌనఃపున్యం కాదు, పది లక్షలు. అప్పుడు ఆ అవకాశం వెయ్యిలో రెండుకు పెరుగుతుంది. ఈ గుణకారం మరచిపోయి సంబరపడినవాళ్ళు ఈ రంగంలో కొల్లలు.

మరి 40 బలం రావాలంటే ఎన్ని ఫోటాన్లు కావాలి? వెలుగు సగటుకు పైకీ కిందికీ ఎంత వంతు ఊగుతోందో ఆ వంతు వర్గాన్ని ఫోటాన్ల సంఖ్యతో గుణించి సగం చేస్తే బలం వస్తుంది. ఊగిసలాట 20 శాతమైతే 2,000 ఫోటాన్లు చాలు. 10 శాతమైతే 8,000. 5 శాతానికి పడిపోతే 32,000 కావాలి. సెకనుకు 0.1 ఫోటాన్ ఇచ్చే మూలం నుంచి 8,000 పోగెయ్యాలంటే 80,000 సెకన్లు, అంటే 22 గంటలు ఒకే చుక్కను చూస్తూ కూర్చోవాలి. ఎక్స్ఎమ్ఎమ్-న్యూటన్ ఉపగ్రహం భూమి చుట్టూ ఒక్క చుట్టుకు 48 గంటలు తీసుకుంటుంది, అందుకే ఇంత పొడవైన చూపు దానికి కుదురుతుంది. భూమికి దగ్గరగా తిరిగే న్యూస్టార్ అనే ఎక్స్‌రే ఉపగ్రహానికి ప్రతి 97 నిమిషాలకూ భూమి అడ్డొస్తుంది.

రెండో కారణం ఇంతకన్నా మోసకారి. పల్సర్ ఒంటరిగా లేదు, జంట తార చుట్టూ తిరుగుతోంది. మనవైపు వస్తున్నప్పుడు స్పందనలు కాస్త దగ్గరపడతాయి, దూరం పోతున్నప్పుడు ఎడం పడతాయి. ఎం82 ఎక్స్-2 కక్ష్యకు రెండున్నర రోజులు. కక్ష్య వ్యాసార్థం మన చూపు రేఖలో 22 కాంతి సెకన్లు. దాన్నిబట్టి వేగం కడితే సెకనుకు 190 కిలోమీటర్లు వస్తుంది. అంటే పౌనఃపున్యం పదివేలలో ఆరు వంతులు అటూ ఇటూ జరుగుతుంది. వినడానికి చిన్నదే. కానీ 22 గంటల డేటాకు ఫూరియే గళ్ళు, అంటే విడివిడిగా చూడగలిగే పౌనఃపున్యాల మెట్లు, ఎంత సన్నవంటే, ఈ జరుగుడు మొత్తం డెబ్భైకి పైగా గళ్ళ మీదుగా సాగుతుంది. ఒకే గడిలో 40గా నిలబడాల్సిన బలం పదుల గళ్ళలోకి చెదిరి గోలలో కలిసిపోతుంది. ఎక్కువసేపు చూస్తే ఎక్కువ స్పష్టత అన్న మామూలు నమ్మకం ఇక్కడ బెడిసికొడుతుంది. దీనికి మందు త్వరణాన్ని కూడా కలిపి వెతకడం. పల్సర్ ఇంత త్వరణంతో కదులుతోందని ఊహించి, ఫోటాన్ల సమయాలన్నిటినీ ఆ మేరకు సర్ది, మళ్ళీ ఫూరియే నడపాలి. తర్వాత ఇంకో త్వరణం. ప్రతి ఊహా ఒక కొత్త ప్రయత్నమే, కాబట్టి పైన చెప్పిన గుణకారం ఇంకా పెరుగుతుంది.

మూడోది కెమెరా. చంద్ర అనే నాసా ఎక్స్‌రే ఉపగ్రహపు ప్రధాన కెమెరా మామూలు పద్ధతిలో 3.2 సెకన్లకొక ఫ్రేము తీస్తుంది. 1.37 సెకన్లకొకసారి కొట్టుకునేది ఒకే ఫ్రేములో రెండు సార్లకు పైగా కొట్టుకుని చదునైపోతుంది. అయినా ఎం82లో చంద్ర లేకుండా పని జరగదు. అక్కడ ఎక్స్-1, ఎక్స్-2 అనే రెండు ప్రకాశవంతమైన మూలాల మధ్య ఎడం 5 ఆర్క్‌సెకన్లే (డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్‌సెకను). వాటిని విడదీయగలిగేది చంద్ర ఒక్కటే. న్యూస్టార్‌కు రెండూ ఒకే మచ్చ. విడదీసేవాడికి గడియారం నెమ్మది, గడియారం ఉన్నవాడికి చూపు మసక. 2014 జనవరిలో ఎం82లో ఒక సూపర్‌నోవా పేలింది కాబట్టి న్యూస్టార్ వారాల తరబడి అటే చూసింది. వేరే పనికి తీసిన ఆ డేటాలోనే లయ దొరికింది. ఆ స్పందించే వెలుగు ఎక్స్-2 వైపు నుంచే వస్తోందని మచ్చ కేంద్రాన్ని కొలిచి తేల్చారు.

ఒక తమాషా. అదే ‘నేచర్’ సంచికలో, బకెట్టి వ్యాసానికి ముందు పేజీల్లోనే, ఎన్‌జీసీ 7793 గెలాక్సీలోని పీ13 అనే ఎక్స్‌రే మూలం మీద ఇంకో వ్యాసం ఉంది. కక్ష్యను కొలిచి, అది 15 సూర్యులకు లోపు బరువున్న కృష్ణబిలమని అందులో తూకం వేశారు. రెండేళ్ళకు పీ13 కూడా 0.42 సెకన్ల పల్సరేనని బయటపడింది. బరువు తూకంలో తప్పు లేదు. 15లోపు అన్నారు, 1.4 కూడా 15లోపే.

ఎన్‌జీసీ 5907లోని యూఎల్ఎక్స్-1 వీటన్నిటికీ పెద్దన్న. దూరం సుమారు 5 కోట్ల కాంతి సంవత్సరాలు, వెలుగు న్యూట్రాన్ తార హద్దుకు 500 రెట్ల పైమాటే. 2003 డేటాలో దాని చుట్టు 1.43 సెకన్లు, 2014లో 1.13. పదకొండేళ్ళలో 0.3 సెకను తగ్గింది. ఒంటరి పల్సర్లు వయసుతోపాటు నెమ్మదిస్తాయి, ఇది మాత్రం ఆ ఏళ్ళలో వేగం పుంజుకుంది. పడే వాయువు చుట్టూ పళ్ళెంలా తిరుగుతూ తన తిప్పుడు బలాన్ని తారకు అప్పగిస్తుండటమే కారణం. ఎంత గబగబా వేగం పెరిగితే అంత ఎక్కువ వాయువు పడుతోందని అర్థం. అంటే ఇది వెలుగుతో సంబంధం లేని రెండో సాక్ష్యం. ఎన్‌జీసీ 300లోనిది మరీ దూకుడు. 2010లో పేలిన దాన్ని మొదట సూపర్‌నోవా అనుకుని పేరు కూడా పెట్టేశారు. 2016 చివర దాని స్పందన 31.6 సెకన్లు, 2018కల్లా 20 దరిదాపుల్లోకి వచ్చేసింది.

హద్దు దాటడం ఎలా సాధ్యమన్నదే అసలు చిక్కుముడి. న్యూట్రాన్ తారకు గట్టి అయస్కాంత క్షేత్రం ఉంటుంది. పడే వాయువును అది పట్టి రెండు ధ్రువాల మీదికే మళ్ళిస్తుంది. ధ్రువం మీద వేడి వాయువు స్తంభంలా పేరుకుంటుంది. వాయువు పైనుంచి దిగుతుంది, వెలుగు స్తంభం పక్కల నుంచి బయటికి పోతుంది, ఒకదానికొకటి అడ్డు రావు. ఇది ఒక దారి. క్షేత్రం మరీ బలంగా ఉంటే ఎలక్ట్రాన్లు వెలుగును చెదరగొట్టే శక్తే తగ్గిపోతుంది, కాబట్టి వాయువును వెనక్కి నెట్టడం వెలుగుకు కష్టమవుతుంది. ఇది రెండో దారి. మూడోది అసలు అంత వెలుగే లేదనే వాదన. ఉబ్బిన పళ్ళెం గరాటులా మారి వెలుగునంతా ఒకవైపే తోస్తే, ఆ వైపున్న మనకు ఎక్కువగా కనిపిస్తుంది, దాన్ని అన్ని దిక్కులకూ లెక్కగట్టి మనమే పెంచేసుకుంటున్నాం. ఈ చివరి వాదనకు పట్టున్న మాట నిజమే. కానీ మరీ ఇరుకైన గరాటులో స్పందన అంత మృదువుగా, సైన్ తరంగంలా కనిపించకూడదు. ఎం82 ఎక్స్-2 విషయంలో దీనికి విడిగా ఒక పరీక్ష దొరికింది. ఏళ్ళ తరబడి కక్ష్యను కొలిస్తే అది కుంచించుకుపోతోందని తేలింది. జంట తార నుంచి ఏటా భూమికి ఒకటిన్నర రెట్ల పదార్థం పల్సర్‌ వైపు వస్తే తప్ప అంత కుంచింపు రాదు. అంత మేత ఉంటే ఆ వెలుగు నిజంగానే సాధ్యం, గరాటు మాయ పెద్దగా అవసరం లేదు.

క్షేత్రం ఎంత అన్నది మాత్రం ఇంకా తగువే. ఎం51లోని యూఎల్ఎక్స్-8 వర్ణపటంలో 4.5 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి దగ్గర ఒక నల్లగీత దొరికిందని 2018లో చంద్ర డేటా చూపింది. అయస్కాంత క్షేత్రంలో గింగిరాలు తిరిగే కణాలు మింగిన వెలుగు అది. మింగినవి ఎలక్ట్రాన్లయితే క్షేత్రం 40 వేల కోట్ల గాస్ (గాస్ అంటే అయస్కాంత క్షేత్రపు కొలత). ప్రోటాన్లయితే 7 కోట్ల కోట్ల గాస్, అంటే మాగ్నెటార్ అనే అతి బలమైన క్షేత్రమున్న న్యూట్రాన్ తారల స్థాయి. ఒకే గీతకు రెండు అర్థాలు, మధ్యలో తేడా 1,836 రెట్లు. భూమి క్షేత్రం అర గాస్ అని గుర్తుంచుకుంటే ఏ అర్థం తీసుకున్నా ఊహకు అందదు.

దూరపు వాటి సంగతి ఇలా ఉంటే, మన పాలపుంత పొరుగున ఉన్న రెండు మెగలానిక్ మేఘాలు అనే చిన్న గెలాక్సీలు పల్సర్ల గని. చిన్న మేఘంలోనే 60కి పైగా ఎక్స్‌రే పల్సర్లున్నాయి. దూరం రెండు లక్షల కాంతి సంవత్సరాలే కాబట్టి ఫోటాన్లు దండిగా వస్తాయి. మన వైపు నుంచి ఇవి కనిపిస్తాయా అంటే, లెక్క సరదాగా ఉంటుంది. గోపాల్‌పూర్ ఒడ్డున దక్షిణానికి సముద్రమే కాబట్టి అడ్డేమీ ఉండదు. జనవరి చివర రాత్రి తొమ్మిదికి పెద్ద మేఘం నడినెత్తి రేఖ దాటుతుంది, ఎత్తు ఒక్క డిగ్రీ. సముద్రపు మంచు దాన్ని మింగేస్తుంది. శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కేవాళ్ళకు ఇంకాస్త వీలుంది. 1,501 మీటర్ల ఎత్తున దిగంతం ఒకటింపావు డిగ్రీ కిందికి జారుతుంది, రాత్రి చంద్రుడుండడు. పండగ ఫిబ్రవరి మధ్యలో పడితే ఏడున్నరకు పెద్ద మేఘం దిగంతానికి రెండున్నర డిగ్రీల పైన ఉండాలి. కంటికి ఆనడం మాత్రం అసాధారణంగా స్వచ్ఛమైన గాలి ఉంటేనే. చిన్న మేఘం అక్కడ కూడా దిగంతాన్ని అంటీ ముట్టనట్టే. ఏమైనా ఎక్స్‌రేలకు గాలి పొరలే గోడ, కొండెక్కినా లాభం లేదు. ఉపగ్రహమే గతి.

ఈ మేఘాల్లో వింతలకు కొదవ లేదు. పెద్ద మేఘంలో జె0537-6910 అనే పల్సర్ 16 మిల్లీసెకన్లకొక చుట్టు తిరుగుతుంది, అంటే సెకనుకు 62 సార్లు. సుమారు మూడు నెలలకొకసారి ఉన్నట్టుండి కాస్త వేగం పెరుగుతుంది. దానికి పూర్తి వ్యతిరేకం చిన్న మేఘంలోని ఎస్ఎక్స్‌పీ 1062. పేరులోనే ఉన్నట్టు ఒక చుట్టుకు 1,062 సెకన్లు, దాదాపు 18 నిమిషాలు. నెమ్మది పల్సర్లు ఇంకా ఉన్నాయి, ఇందులో వింత ఏమిటంటే ఇది తన పుట్టుకకు కారణమైన పేలుడు మిగిల్చిన వాయువు మధ్యలోనే ఉంది. ఆ వాయువు వయసు 10 వేల నుంచి 40 వేల ఏళ్ళు. పుట్టినప్పుడు మిల్లీసెకన్లలో తిరగాల్సిన తార అంత తక్కువ కాలంలో 18 నిమిషాలకు నెమ్మదించాలంటే పుట్టుకలో క్షేత్రం విపరీతంగా ఉండాలి, లేదా పుట్టడమే నెమ్మదిగా పుట్టి ఉండాలి. రెండు మేఘాల నడుమ ఉన్న వాయు వంతెనలో ఆర్ఎక్స్ జె0209.6-7427 అనేది 1993 తర్వాత 26 ఏళ్ళు నిద్రపోయి 2019లో లేచింది. స్పందన 9.3 సెకన్లు. శ్రీహరికోట నుంచి 2015 సెప్టెంబరు 28న ఎగిరిన మన ఆస్ట్రోశాట్ దాన్ని పట్టి చూసింది. కాసేపు ఇది కూడా ఎడింగ్టన్ హద్దు దాటిందని ఆ డేటా సూచించింది.

25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలోని ఆండ్రోమెడాలో 1.2 సెకన్ల పల్సర్ ఒకటి 2016లో దొరికింది. కక్ష్యకు ముప్పై గంటలు. ఇది ముసలి తారల గుత్తిలో ఉంది. అలాంటి చోట్ల యుగాల తరబడి వాయువు తిని మిల్లీసెకన్లకు చేరిన పల్సర్లుంటాయి, సెకను పల్సర్ ఉండటమే విచిత్రం. మేత ఈమధ్యే, అంటే పది లక్షల ఏళ్ళలోపే, మొదలై ఉంటుందని లెక్క. దీన్ని కూడా కొత్తగా చూసి కనుక్కోలేదు, పదేళ్ళకు పైగా గోదాములో పడి ఉన్న ఎక్స్ఎమ్ఎమ్-న్యూటన్ డేటాను మళ్ళీ తిరగేసి పట్టారు.

ఆ గోదాము అందరికీ తెరిచే ఉంటుంది. బరంపురంలోనో రాయగడలోనో బీఎస్సీ ఫిజిక్స్ చదివే పిల్లలు ల్యాప్‌టాప్‌తో ఈ పని చేయొచ్చు. సాధారణంగా ఏడాది గడువు దాటిన డేటా ఉచితం. నాసా, యూరప్ ఉపగ్రహాలవి హియాసార్క్ అనే నాసా డేటా కేంద్రం నుంచి, ఆస్ట్రోశాట్‌ది బెంగళూరులోని ఇస్రో డేటా కేంద్రం ఐఎస్ఎస్‌డీసీ నుంచి దించుకోవచ్చు. లినక్స్ కావాలి, విండోస్‌లో అయితే దాని లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ పెట్టుకోవాలి. నాసా వారి హియాసాఫ్ట్, ఎక్స్ఎమ్ఎమ్ డేటాకైతే ఎస్ఏఎస్ అనే సాఫ్ట్‌వేర్, వాటి పక్కన స్టింగ్‌రే, హెండ్రిక్స్ అనే పైథాన్ సాఫ్ట్‌వేర్లు చాలు. చివరి రెండింటి వెనకా ఎం82 ఎక్స్-2ను పట్టిన బకెట్టే ఉన్నాడు.

ఎక్స్ఎమ్ఎమ్ డేటాతో మొదలుపెడితే పీఎన్ కెమెరాదే వాడాలి. దాని ఫ్రేము 73 మిల్లీసెకన్లు, ఎమ్ఓఎస్ కెమెరాలవి 2.6 సెకన్లు. మొదట 10–12 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల మధ్య నేపథ్యం సెకనుకు 0.4 దాటిన సమయాల్ని కోసెయ్యాలి, అవి సూర్యుడి ప్రోటాన్లు చేసే అల్లరి. డేటా పట్టికలో ప్యాటర్న్ అనే అంకె 4 దాకా, ఫ్లాగ్ అనే అంకె 0 ఉన్న ఫోటాన్లే ఉంచి, మూలం చుట్టూ 20 నుంచి 30 ఆర్క్‌సెకన్ల వలయం గీయాలి. వలయం పెద్దదైతే నేపథ్యం చేరి ఊగిసలాట వంతు పడిపోతుంది. ఈ వంతు వర్గమై లెక్కలోకి వస్తుంది కాబట్టి సగానికి పడితే నాలుగింతల ఫోటాన్లు కావాలి. ఆ తర్వాత సమయాలన్నిటినీ సౌరకుటుంబపు బరువు కేంద్రానికి మార్చాలి. ఎక్స్ఎమ్ఎమ్‌కు బ్యారీసెన్, న్యూస్టార్‌కు బ్యారీకార్ ఆ పని చేస్తాయి. ఒకే రోజు డేటాలో ఇది చేయకపోయినా నెమ్మది పల్సర్ కనిపించవచ్చు, అదే ప్రమాదం. భూమి సెకనుకు 30 కిలోమీటర్లు పరిగెడుతుంది కాబట్టి ఏప్రిల్‌లో, అక్టోబరులో కొలిచిన పీరియడ్లు పదివేలలో రెండు వంతుల దాకా తేడా చూపుతాయి. తార వేగం పుంజుకుందని పొరబడతారు.

బలం పొడుచుకొచ్చిన చోటల్లా పల్సర్ కాదు. న్యూస్టార్‌లో 97 నిమిషాల అడ్డు వల్ల నిజమైన శిఖరానికి అటూ ఇటూ 0.00017 హెర్ట్జ్ ఎడంగా దొంగ శిఖరాలు వరసకడతాయి, అసలుదేదో ఎత్తు చూసి ఎంచాలి. పీఎన్‌లో ఫ్రేము వేగానికి పూర్ణాంక గుణిజంగా ఉన్న పౌనఃపున్యం వస్తే అది కెమెరా గడియారమే. తక్కువ పౌనఃపున్యాల వైపు గోల సగటు 2ను దాటి పైకి లేస్తుంది, అక్కడ 40 అంటే 40 కాదు. అనుమానం తీరాలంటే డేటాను రెండు ముక్కలు చేసి విడివిడిగా చూడాలి, తర్వాత అదే మూలం మీద వేరే ఏడాది తీసిన డేటాలో వెతకాలి. రెండోచోట సరిగ్గా అదే పీరియడ్ వస్తే కాస్త జాగ్రత్తపడాలి. వీటిలో చాలావాటికి ఏళ్ళ ఎడంలో పీరియడ్ మారడమే సహజం, అంకె చివరిదాకా మారకుండా వచ్చిందంటే ముందు పరికరాన్నే అనుమానించాలి.